నీడబొమ్మా, గీతబొమ్మా: దేనికి ఏది ఎంచుకోవాలి?

తిరుపతిలో సాయంకాలం కొండవైపు చూసే అలవాటు ఉన్నవారు ఒకటి గమనించే ఉంటారు. పొద్దు వాలేసరికి శేషాచలం ఒకే నల్లటి ముద్ద అవుతుంది. చెట్లు, బండలు, లోయలు అన్నీ అందులో కలిసిపోయి, ఆకాశాన్ని తాకే అంచు ఒక్కటే మిగులుతుంది. కాసేపటికి గాలిగోపురం దగ్గర దీపాలు వెలుగుతాయి. అప్పుడు కొండ కూడా కనిపించదు. శంఖం, నామం, చక్రం వెలుగు గీతలుగా చీకట్లో నిలుస్తాయి. అదే చోటు, అదే చూపు. మొదట చూసింది నీడబొమ్మ, తర్వాత చూసింది గీతబొమ్మ.

పిల్లలకు చిత్రలేఖనం నేర్పడం నా పని. దాంతో బొమ్మకు సంబంధించిన ఏ సందేహమైనా ఇంటిదాకా వస్తుంది. తండ్రి షష్టిపూర్తికి ఆయన ముఖం నల్లకాగితంలో కత్తిరించి ఇవ్వాలా, గీయించి ఇవ్వాలా? జాకెట్టు వీపు మీద నెమలిని నింపి కుట్టించాలా, అంచు మాత్రమే కుట్టిస్తే చాలా? పక్షులను గుర్తుపట్టడానికి ఎలాంటి పుస్తకం కొనాలి? ఒకదానితో ఒకటి పొత్తులేని ప్రశ్నల్లా ఉన్నా, నేను మాత్రం అందరినీ ఒకే మూడు మాటలు అడుగుతాను. దీన్ని ఎంత దూరం నుంచి చూస్తారు? వెలుగు ఎటు నుంచి పడుతుంది? అంచు లోపల చెప్పవలసింది ఏమైనా ఉందా?

దూరం నుంచి చూసేదైతే, లేదా వెలుగు వెనక నుంచి వచ్చేదైతే నీడబొమ్మ ఎంచుకోండి. దగ్గర నుంచి, ఎదుటి వెలుగులో చూసేదైతే గీతబొమ్మ. లోపల కళ్లు, నగలు, ఈనెలు, మడతలు చూపించి తీరాలంటే గీత లేకుండా కుదరదు. ఈ లెక్క నాకు ఒక పాఠశాల ప్రహరీగోడ నేర్పింది. రోడ్డువైపు గోడ మీద జింకల మందను సన్నని గోధుమరంగు గీతలతో రెండు రోజులు కష్టపడి గీశాను. దగ్గర నిలబడితే ప్రతి జింక కన్నూ ముచ్చటగా ఉంది. మూడో రోజు బస్సులో వెళుతూ చూస్తే గోడ ఖాళీగా కనిపించింది. ఆ ఆదివారమే వెళ్లి లోపలంతా ముదురు రంగు నింపాను. కళ్లు పోయాయి, జింకలు వచ్చాయి. రోడ్డు పక్కన పాదచారుల గుర్తు ఎందుకు నింపిన ఆకారంగా ఉంటుందో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

కలంకారీ: ఇక్కడ గీతే ప్రాణం

మన ప్రాంతంలో గీత గురించి మాట్లాడితే శ్రీకాళహస్తి నుంచే మొదలుపెట్టాలి. అక్కడి కలంకారీలో రంగు తర్వాత వస్తుంది, గీత ముందు వస్తుంది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మను లేతగా గుర్తించుకుంటారు. ఆ తర్వాత వెదురు కలంతో కసిమి ఎక్కిస్తారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం అది. గుడ్డలో ఉన్న కరక్కాయ వగరు, ఈ ఇనుము కలిసిన చోట నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు వల్ల సిరా పక్కకు పాకదు, గీత గీసిన చోటే నిలుస్తుంది. పటిక, ఎరుపు, పసుపు, నీలం అన్నీ ఆ నల్ల గీత గీసిన హద్దులోకే వచ్చి కూర్చుంటాయి.

కలం మొన దగ్గర చుట్టిన ఉన్ని లేదా గుడ్డ ఉండలో సిరా నిలువ ఉంటుంది. గీసేవారి వేళ్లు దాన్ని ఎంత నొక్కితే అంత సిరా దిగుతుంది. అందుకే చేతిగీత ఒకచోట బలిసి, ఒకచోట సన్నబడి, ఊపిరి తీసుకుంటున్నట్టు సాగుతుంది. కొనేటప్పుడు మీకు పనికివచ్చే ఆనవాలు ఇదే. చీరలో ఒకేలా ఉన్న రెండు పువ్వులను, లేదా రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి గీతలను పోల్చండి. చేత్తో గీసినవైతే తోబుట్టువుల్లా ఉంటాయి, కవలల్లా ఉండవు. ఒక రేకు కొంచెం వంగి ఉంటుంది, ఒక ముక్కు కొంచెం పొడవుగా ఉంటుంది. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది స్క్రీన్ మీదో యంత్రం మీదో అచ్చయిన గుడ్డ. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో చేసే కలంకారీలో అదే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది. అచ్చు అంచులు కలిసే చోట గీత కాస్త జరిగి ఉండటమో, సన్నని ఖాళీ మిగలడమో కనిపిస్తుంది. అది లోపం కాదు, ఆ విద్య గుర్తు. చివరగా గుడ్డను తిరగేయండి. డిజిటల్ ముద్రణ అయితే వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది, కలంతో గీసిన గీత గుడ్డలోకి ఇంకి వెనక కూడా కనిపిస్తుంది.

ఇంత చెబుతున్నది అచ్చు గుడ్డను తక్కువ చేయడానికి కాదు. రోజూ కట్టుకునే చీరకు, పిల్లల గౌనుకు అచ్చు కలంకారీ చక్కగా సరిపోతుంది. బాధ ఎక్కడంటే, అచ్చుగుడ్డకు చేతిపని ధర చెప్పినప్పుడు. నేనూ ఒకసారి అలా కొని, ఇంటికి వచ్చి పరిచి చూసుకున్నాక గుర్తించాను: పల్లూలో పన్నెండు హంసలు, పన్నెండింటికీ మెడ దగ్గర ఒకేచోట ఒకే తెగిన గీత. అప్పటి నుంచి దుకాణంలోనే రెండు బొమ్మలు పోల్చకుండా డబ్బు తీయను. శ్రీకాళహస్తి కలంకారీకి, ఆ ఊరి ప్రత్యేక పని అని తెలిపే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. 1950 దశకంలో, చేతివృత్తులను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ మొదలై, ఆరిపోవస్తున్న విద్య మళ్లీ నిలబడింది. 2008లో అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఇంత శ్రమ వెనక ఉన్న గీతకు ఇవ్వవలసిన ధర దానికే వెళ్లాలి.

ఇక ఏ కలంకారీ ఎప్పుడు? పెళ్లి వేదిక మీద కట్టుకోవడానికి చాలామంది కిక్కిరిసిన బొమ్మలున్న చీర అడుగుతారు. నేను వద్దంటాను. ఎదురుగా కూర్చున్న బంధువులకు ముప్పై, నలభై అడుగుల దూరంలో ఆ సన్నని గీతలు కరిగిపోయి, చీర మొత్తం ఒక మట్టిరంగు మరకలా మిగులుతుంది. వేదికకైతే చీర ఒడలు ఖాళీగా ఉండి, పల్లూలో పెద్ద ఆకారాలు రెండో మూడో ఉన్నది తీసుకోండి. సన్నపని నిండిన చీరను సత్యనారాయణ వ్రతానికో, బొమ్మల కొలువు పేరంటానికో దాచుకోండి. పక్కన కూర్చున్నవారు కొంగు పట్టుకుని చూస్తారు, ఆ గీతకు దక్కవలసిన చూపు అప్పుడు దక్కుతుంది.

జాకెట్టు ముక్క విషయంలో ఇంకో జాగ్రత్త. ముందే గీసిన గుడ్డ కొని కుట్టిస్తే అమ్మవారి ముఖం మీదుగా కుట్టు పోతుంది. మీ కొలతల జాకెట్టు గుడ్డ మీద గుర్తులు వేయించి, ఆ హద్దుల లోపల బొమ్మ గీయించుకోండి. కలంతో గీసేవారు అడిగితే ఇలా చేసి ఇస్తారు.

నీడలో రంగులు నింపిన తోలుబొమ్మ

నీడబొమ్మ అనగానే నలుపు గుర్తుకు వస్తుంది. మన తోలుబొమ్మలు మాత్రం తెర మీద రంగుల్లో కనిపిస్తాయి. తోలును వెంట్రుకలు పోయేలా గీకి, ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచగా చేస్తారు. దాని మీద నల్ల గీతతో బొమ్మ గీసి, రెండు వైపులా రంగు వేసి, నగల చోట ఉలులతో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. దీపం వెనక ఉన్నప్పుడు ఆ రంధ్రాలే ముత్యాల హారాలు, కిరీటాల రవ్వలు. ముందే చెప్పిన మూడో ప్రశ్నకు, అంటే లోపల చెప్పవలసింది ఉంటే ఏం చేయాలన్న దానికి, నాకు తెలిసిన అత్యంత అందమైన జవాబు ఇది. అంచు దూరం వారికి, రంధ్రాలు దగ్గర వారికి. చివరి వరుసలో కూర్చున్నవాడు తోకను బట్టి హనుమంతుణ్ణి పోల్చుకుంటాడు. ముందు వరుసలో పిల్ల నగలు లెక్కపెడుతుంది.

అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ విద్య ఇప్పటికీ బతికి ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు ఎక్కువమంది కొనేది తోలు దీపపు గొడుగులు, గుమ్మానికి వేలాడే బొమ్మలు. కొనేముందు దీపం వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి చూపించమనండి. వెలిగినప్పుడు రంగు నిండుగా ఉండి, ఆర్పాక గీత చక్కగా కనిపించేది మంచి పని. గోడకు తగిలించాలనుకుంటే మాత్రం ఆలోచించండి. వెనక వెలుగు లేకపోతే ఆ రంధ్రాలన్నీ మూగబోతాయి. గోడకైతే ఏర్పేడు దగ్గర మాధవమాల కొయ్యచెక్కడం మేలు, పక్కనుంచి పడే వెలుగులో దాని లోతులు తేలుతాయి. తోలు గొడుగులో వేడి తక్కువ వచ్చే ఎల్‌ఈడీ దీపమే వాడండి, వేడికి తోలు ముడుచుకుంటుంది.

ముఖచిత్రం కానుకగా ఇవ్వాలంటే

మనిషి ముఖాన్ని పక్కనుంచి నల్లకాగితంలో కత్తిరించే పద్ధతి 18వ శతాబ్దంలో ఐరోపాలో బాగా వ్యాపించింది. 1759లో ఫ్రాన్సు ఆర్థిక వ్యవహారాలు చూసిన ఎతియెన్ ద సిలూయెట్ పొదుపు చర్యలకు పేరుపడ్డాడు. చవకగా దొరికే ఈ బొమ్మకు ఆయన పేరే అంటుకుని, ఇంగ్లీషులో సిల్హౌట్‌గా స్థిరపడింది. చిత్రకారుడికి ఇచ్చుకోలేనివారికి ఇది చేతికందే ముఖచిత్రం అయింది. 1839 తర్వాత కెమెరా వచ్చాక దీని అవసరం తగ్గింది, ఇష్టం మాత్రం పోలేదు.

నాన్నగారి ముఖమా, అమ్మ ముఖమా అన్నది ఇక్కడ ఎంపికను మారుస్తుంది. ముక్కు, గడ్డం, నుదురు ప్రత్యేకంగా ఉన్నవారికి, తలపాగా, జడ, కొప్పు ఉన్నవారికి పక్కనుంచి నీడబొమ్మ అద్భుతంగా వస్తుంది. జడలో పూలదండ కూడా అంచులోనే తెలుస్తుంది. అయితే కళ్లలోనూ నవ్వులోనూ పోలిక ఉన్నవారికి నీడ న్యాయం చేయదు. మా అమ్మ అలాంటి మనిషి. ఆమె నీడను మూడుసార్లు కత్తిరించాను. మూడూ ఎవరో పెద్దావిడవే. చివరకు ఎదురుగా కూర్చోబెట్టి ఇరవై గీతల్లో గీస్తే అమ్మ వచ్చింది. బొట్టు, ముక్కుపుడక, కళ్లజోడు ఇవన్నీ అంచు లోపలి సంగతులు మరి.

ఇంట్లో చేసుకోవాలంటే ఖర్చు లేదు. మనిషిని గోడకు బాగా దగ్గరగా, పక్కకు తిరిగి కూర్చోబెట్టండి. గోడకు తెల్లకాగితం అంటించండి. ఫోను దీపాన్ని తల ఎత్తులో, వీలైనంత దూరంలో పెట్టండి. దీపం చిన్నదిగా, దూరంగా ఉంటే నీడ అంచు పదునుగా వస్తుంది. ట్యూబులైటు వెలుగులో అంచు మసకబారుతుంది. పెదవులు కలిపి ఉంచమనండి, గడ్డం కొంచెం ఎత్తమనండి. పెన్సిలుతో చుట్టూ గీసి, నల్లకాగితం మీదకు దించి కత్తిరించండి. మీరు గీసినది గీతబొమ్మ, కత్తిరించినది నీడబొమ్మ. రెండూ చేతిలో ఉంటాయి కాబట్టి పక్కపక్కన పెట్టుకుని ఎంచుకోవచ్చు. గోడకు ఒకటి, ఆల్బమ్‌కు ఒకటి అనుకున్నా మంచిదే.

ఆకాశంలో పక్షి, చేతిలో ఆకు

శీతాకాలంలో సూళ్లూరుపేట వైపు వెళ్లి నేలపట్టు, పులికాట్ చూసేవారు పక్షుల పుస్తకం గురించి అడుగుతారు. రంగు ఫోటోల పుస్తకం మొదట కొనకండి. ఉదయం సరస్సు మీద ఎండ ఎదురుగా ఉన్నప్పుడు తెల్ల కొంగా నల్లగానే కనిపిస్తుంది, రాజహంసా (ఫ్లెమింగో) నల్లగానే కనిపిస్తుంది. అప్పుడు ఆదుకునేది ఆకారం. ఎగిరేటప్పుడు కొంగ మెడ ఇంగ్లీషు అక్షరం ఎస్ లాగా మడిచి ఉంటుంది, కాళ్లు వెనక్కి చాచి ఉంటాయి. గూడబాతు (పెలికాన్) కూడా మెడ వెనక్కి ముడుచుకుంటుంది కాని, ఆ పెద్ద ముక్కు, బరువైన ఒళ్లు ఎంత దూరం నుంచైనా తెలుస్తాయి. నత్తగుల్ల కొంగ మెడ ముందుకు చాపి ఎగురుతుంది. పేరుకు కొంగే అయినా జాతి వేరు. రాజహంసకు ముందు మెడ, వెనక కాళ్లు రెండూ పొడవే, మధ్యలో రెక్కలు తగిలించిన కర్రలా ఉంటుంది. ఈ నాలుగు ఆకారాలు నేర్చుకుని వెళితే మొదటి రోజే సగం పక్షులు మీకు పరిచయమవుతాయి.

తిరుపతి మేడల మీద తిరిగే గద్దల దగ్గర నీడబొమ్మ రంగును పూర్తిగా ఓడిస్తుంది. పెద్ద గరుడ పక్షికి తల తెల్లన, ఒళ్లు ఇటుకరంగు. దాని పిల్ల మాత్రం గోధుమరంగులో ఉండి, మామూలు గద్దలా కనిపిస్తుంది. రంగు నమ్ముకుంటే పొరబడతారు. తోక చూడండి. గద్ద తోక చివర మధ్యలో నొక్కుపడి చీలినట్టు ఉంటుంది, గరుడ పక్షి తోక చివర గుండ్రంగా ఉంటుంది. పిల్లలోనూ పెద్దలోనూ అదే.

నీడకూ హద్దు ఉంది. తెల్ల కొంగల్లో రకాలు విడదీయాలంటే ముక్కు రంగు, కాలివేళ్ల రంగు కావాలి. కాబట్టి మొదటి ఏడాది ఆకారాల పటం, రెండో ఏడాది వివరమైన పుస్తకం అనుకోండి.

ఆకుల సంగతి తిరగబడుతుంది. ఆకు చేతిలోనే ఉంటుంది, వెలుగు ఎదురుగా ఉంటుంది, గుట్టంతా ఈనెల్లో ఉంటుంది. శేషాచలం పేరు చెబితే అందరూ అడిగే ఎర్రచందనానికి సాధారణంగా ఒక కాడకు మూడు ఆకులు. దాని దగ్గరి చుట్టం వేగిసకు అయిదు నుంచి ఏడు, కొసన చిన్న నొక్కు. లెక్కపెట్టడానికి నీడ చాలు, కాని ఈనెల అమరిక, కొస, కాడ అంటుకున్న తీరు కూడా చూపే గీతబొమ్మల పుస్తకమే చెట్లకు సరైనది. పిల్లలైతే రాలిన ఆకు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే అంచు, ఈనెలు రెండూ ఒకేసారి దిగుతాయి.

బట్టల్లో: కట్ ముందా, అంచు ముందా?

బట్టల్లో నీడబొమ్మ అంటే కట్. మనిషి గుమ్మంలో వెలుగుకు అడ్డంగా నిలబడితే రంగు, పూలు, జరీ అన్నీ పోయి మిగిలే ఆకారం. పట్టుపావాడ కట్టిన పిల్ల గంటలా కనిపిస్తుంది, ఓణీ వేసుకున్న అమ్మాయికి నడుం దగ్గర సన్నబడి కింద విప్పారుతుంది. ఎ-లైన్ అని దర్జీలందరూ అనే మాట కూడా ఇలా పుట్టిందే. ఫ్రెంచి ఫ్యాషన్ రూపకర్త క్రిస్టియన్ డియోర్ 1955లో ఆ అక్షరం ఆకారాన్ని పేరుగా పెట్టాడు. బట్టల్లో గీత అంటే అంచు, పైపింగ్, మెడ చుట్టూ కుట్టుపని.

డబ్బు పరిమితంగా ఉంటే దేని మీద పెట్టాలి? సంకోచం లేకుండా కట్ మీద అంటాను. ఖరీదైన గుడ్డ ఒదగకుండా కుడితే ఎంత పని చేయించినా వెనక్కి తెచ్చుకోలేం. మామూలు నూలుగుడ్డకు మంచి దర్జీ భుజం, నడుం సరిచేస్తే నిలువెత్తు అందం వస్తుంది. ట్రయల్ రోజున అద్దం ముందు నిలబడి ఊరుకోకండి. గుమ్మంలో నిలబడి, వెనక వెలుగు ఉండగా ఎవరిచేతనైనా ఫోటో తీయించుకోండి. భుజం దిగిపోయినా, వీపు దగ్గర సంచిలా ఊగినా ఆ నల్లటి బొమ్మలో దాగదు.

అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కబోయేవారికి కట్ అందం సంగతి మాత్రమే కాదు. చీలికలు చిన్నవిగా ఉన్న నిటారు కుర్తా ప్రతి మెట్టుకూ మోకాలిని పట్టుకుంటుంది. కింద విప్పారే ఎ-లైన్, లేదా పక్క చీలికలు నడుందాకా ఉన్న కుర్తా మేలు. అనార్కలి ఘేరు అడుగుకూ అడుగుకూ మధ్య కాలికింద పడుతుంది, దాన్ని కొండ కిందే ఉంచండి.

చీరలో కట్ మారదు కాబట్టి అక్కడ గీత పెద్దరికం వహిస్తుంది. సన్నని వెంకటగిరి నూలుచీర ఒంటికి అంటుకుని ఆకారాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, దాని జరీ అంచు కుచ్చిళ్ల వెంట, పల్లూ వెంట ఒక వెలుగు గీత గీస్తుంది. బరువైన కంచిపట్టు కుచ్చిళ్లను నిలబెట్టి సొంత ఆకారం తెస్తుంది. పొట్టిగా ఉన్నవారు జానెడు అంచు కడితే ఎత్తు రెండుగా కోసినట్టు అనిపిస్తుంది. రెండు వేళ్ల అంచు ఎంచుకుంటే గీత ఒరవడి పైదాకా సాగుతుంది. లావుగా ఉన్నామని దిగులుపడేవారు ముదురు రంగు కట్టమని సలహా వింటుంటారు. ముదురు రంగు మడతలను దాచి ఒకే నీడగా చేస్తుందన్నది నిజం. కాని దాని మీద మెరిసే వెడల్పు అంచు వేస్తే ఆ దాచినదంతా గీత మళ్లీ గీసి చూపిస్తుంది. రెండింటిలో ఒకటే తీసుకోండి.

మొదట వచ్చిన నెమలి ప్రశ్నకు జవాబు: వీపు మీద కుట్టించేది దూరానికే, పైగా జడ పక్కకు జరిగినప్పుడే కనిపిస్తుంది. ఆకారం నింపండి. కాని పొడవాటి దారాలతో నింపే కుట్టు గాజులకు, కొక్కేలకు తగిలి లేచిపోతుంది. అందుకే వేరే గుడ్డను నెమలి ఆకారంలో కత్తిరించి అతికించి, అంచు చుట్టూ గొలుసుకుట్టు వేయించండి. చేతుల మీద, మెడ దగ్గర మాత్రం కాడకుట్టుతో సన్నని తీగ చాలు, అక్కడ చూసేవారు ఎదురుగా ఉంటారు. దర్జీకి ఇచ్చే ముందు ఆ నెమలిని నల్లకాగితంలో కత్తిరించి, జాకెట్టు వీపున గుండుసూదితో గుచ్చి, పది అడుగుల దూరం నుంచి చూడండి. తోక నడుం పట్టీలోకి పోతుంటే బొమ్మను రెండంగుళాలు పైకి జరపాలి.